బ్రెకెన్‌రిడ్జ్ స్కీ కొండ మీద సిగరెట్, వేప్, గంజాయి: ఏది ఎక్కడ కుదరదు?

డెన్వర్ నుంచి ఆరుగురు బ్రెకెన్‌రిడ్జ్ వెళ్తున్నామనీ, ఇద్దరికి సిగరెట్ అలవాటుందనీ, ఒకరేమో "కొలరాడోలో గంజాయి లీగలే కదా, కొండెక్కించే లిఫ్ట్ కుర్చీ మీద కానిచ్చేద్దాం" అంటున్నారనీ రాశారు. ముందు ఆ మూడోవాడి సంగతి తేల్చాలి. సిగరెట్‌తో మహా అయితే పోయేది లిఫ్ట్ పాసు. గంజాయితో వీసాకే ఎసరు.

2012లో ఓటర్లు ఒప్పుకున్నారు, 2014 జనవరి 1 నుంచి 21 ఏళ్లు నిండినవాళ్లకి దుకాణాల్లో అమ్ముతున్నారు, ఇదంతా నిజమే. కానీ నలుగురూ తిరిగే చోట తాగడం రాష్ట్ర చట్టం ప్రకారం కూడా తప్పే. పైగా ఆ స్కీ వాలులు చాలావరకు వైట్ రివర్ నేషనల్ ఫారెస్ట్‌లో ఉన్నాయి, అంటే ఫెడరల్ (కేంద్ర) ప్రభుత్వ భూమి. ఊళ్లో జేబులో ఉన్నంతసేపు రాష్ట్రం అడ్డుచెప్పని పొట్లం, పైకి తీసుకెళ్తే ఫెడరల్ చట్టం చేతికి చిక్కుతుంది. ఫెడరల్ చట్టంలో మొదటిసారి శిక్ష పడితేనే కనీసం 1,000 డాలర్ల జరిమానా, ఏడాది దాకా జైలు ఉంది.

ఎఫ్-1 (చదువు), హెచ్-1బీ (ఉద్యోగం) వీసాల మీద ఉన్నవాళ్లకి అసలు ముప్పు జరిమానా కాదు. "సొంత వాడకానికి 30 గ్రాముల లోపైతే ఏమీ కాదట" అని మనవాళ్లలో ఒక మాట తిరుగుతుంటుంది. ఆ మినహాయింపు దేశం నుంచి పంపించేసే విషయంలో మాత్రమే, అదీ ఒక్కసారికే. ఇండియా వెళ్లి వీసా స్టాంపింగ్‌కి కూర్చుంటే అది అక్కరకు రాదు. వీసా దరఖాస్తు డీఎస్-160 ఫారంలో మాదకద్రవ్యాల చట్టం ఎప్పుడైనా ఉల్లంఘించారా అన్న ప్రశ్న ఉంటుంది. కోర్టు శిక్ష లేకపోయినా, చేశానని మీ నోటితో ఒప్పుకున్నా వీసాకి అడ్డే. కాదని అబద్ధం రాస్తే అది ఇంకో తలనొప్పి. గమ్మీలకీ (గంజాయి కలిపిన మెత్తటి మిఠాయిలు) ఇదే లెక్క. వాటితో ఇంకో చిక్కు, మత్తు ఎక్కడానికి అరగంట నుంచి రెండు గంటలు పడుతుంది. ఏమీ కాలేదే అని రెండోది నమిలేస్తారు, తీరా వాలు మధ్యలో ఉండగా రెండూ కలిపి ఎక్కుతాయి. మత్తులో లిఫ్ట్ ఎక్కడం, స్కీ చేయడం రాష్ట్ర స్కీ భద్రతా చట్టం ప్రకారం కూడా కుదరదు.

చెట్ల మధ్య ఎక్కడో దాక్కోవచ్చనుకునేవాళ్లకి ఒక మాట: ఈ కొండ మీదే లియోస్ అని ఒక రహస్యపు గుడిసె ఉండేది, దమ్ము కొట్టేవాళ్ల అడ్డా. 2014లో దాన్ని కూల్చేశారు.

ఇక సిగరెట్. భవనాల లోపల రాష్ట్రమంతా 2006 నుంచే నిషేధం. 2019 జులై 1 నుంచి వేప్‌ని (ఈ-సిగరెట్) కూడా అందులో కలిపేశారు, తలుపుకి ఉండాల్సిన దూరాన్ని 15 అడుగుల నుంచి 25కి పెంచారు. స్కీ బూట్లతో లాడ్జ్ గుమ్మం నుంచి పది పెద్ద అంగలు అనుకోండి. గొండోలా (తీగ మీద వెళ్లే మూసిన పెట్టె), లిఫ్ట్, లిఫ్ట్ క్యూ, ఈ మూడింటిలో అసలు వెలిగించొద్దు. కుర్చీలో పక్కన కూర్చున్నవాళ్లు పైకి చేరేదాకా దిగిపోలేరు. గాలికి ఎగిరిన నిప్పురవ్వ నైలాన్ జాకెట్ మీద పడితే చిల్లే. పాసు బ్లాక్ చేశారంటే గేటు తెరుచుకోదు. కింద పార్కింగ్ వైపు బూడిద డబ్బా ఎక్కడుందో పొద్దున్నే సిబ్బందిని అడిగి పెట్టుకోండి.

మధ్యాహ్నం దాకా ఆగలేనివాళ్లు నికోటిన్ గమ్ తీసుకెళ్లండి. నిద్ర లేచిన అరగంటలోపే మొదటి సిగరెట్ కాల్చేవాళ్లకి 4 మిల్లీగ్రాములది, మిగతావాళ్లకి 2ది. చూయింగ్ గమ్‌లా ఆపకుండా నమలకూడదు. నోట్లో కారంగా తగలగానే ఆపి బుగ్గకీ చిగురుకీ మధ్య పెట్టుకోవాలి, ఘాటు తగ్గాక మళ్లీ నాలుగుసార్లు నమలాలి, ఇలా అరగంట. కాఫీ, కూల్‌డ్రింక్ తాగిన 15 నిమిషాల దాకా వేసుకోవద్దు, సరిగా పట్టదు. గబగబా నమిలితే ఎక్కిళ్లు, ఛాతీలో మంట, వికారం వస్తాయి, దాన్ని ఎత్తు వల్ల వచ్చిన జబ్బనుకుని కంగారు పడతారు. చలికి గట్టిపడుతుంది కాబట్టి లోపలి జేబులో ఉంచుకోండి.

నిజంగా ఎత్తు దెబ్బ కొడితే సిగరెట్ దాన్ని ఇంకా పెంచుతుంది. కొండ అడుగే సుమారు 2,900 మీటర్లు, శిఖరం 3,960 దాకా. అడుగున గాలి పీడనం సముద్రమట్టంలో 70 శాతమే. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది, సగం వదలడానికే నాలుగైదు గంటలు. నికోటిన్ వేళ్లకి రక్తాన్ని తగ్గిస్తుంది, తడిసిన గ్లవ్స్ తోడైతే వేళ్లు త్వరగా మొద్దుబారతాయి. ఈ చివరిది గమ్‌కీ వర్తిస్తుంది.

సిగరెట్ పీకలు మంచులో గుచ్చేయకండి. ఏప్రిల్, మేలో మంచు కరిగాక అవన్నీ తేలతాయి, ఆ నీళ్లు బ్లూ రివర్ మీదుగా డిల్లన్ రిజర్వాయర్‌కి వెళ్తాయి, డెన్వర్ కుళాయిలకి వచ్చే నీళ్లలో ఆ రిజర్వాయర్ నీళ్లూ ఉంటాయి. పిప్పరమెంటు బిళ్లల రేకు డబ్బా ఒకటి జేబులో వేసుకుంటే సరిపోతుంది. పీక పూర్తిగా ఆరాకే మూత పెట్టాలి. లైటర్ కూడా ఒంటికి దగ్గరగా ఉంచుకోండి, సున్నా డిగ్రీల దగ్గర బ్యూటేన్ ఆవిరి కాక వెలగదు. అద్దె కాండో (అపార్ట్‌మెంట్) అయితే బాల్కనీ గురించి కూడా ఒప్పందంలో ముందే చదువుకోండి, చాలాచోట్ల అక్కడా నిషేధమే, క్లీనింగ్ ఫీజు కార్డు మీద పడుతుంది.