పాతికేళ్ళకు బాపట్లలో కలవబోతున్న తమ్ముడికి

తమ్ముడూ,

ఆదివారం నువ్వు ఫోన్ చేసి, "అన్నా, 2001లో బయటికొచ్చిన మా బ్యాచ్‌కి పాతికేళ్ళు నిండాయి, గెట్ టుగెదర్ పెడదామనుకుంటున్నాం, ఎక్కడ మొదలుపెట్టమంటావు?" అని అడిగావు. ఫోన్లో నేను చెప్పింది సగమే. మిగతాది రాసిపెడితే నీ దగ్గర ఉంటుందని కాగితం తీశాను.

మేం బాపట్ల అగ్రికల్చర్ కాలేజీలో 1979లో చేరి 1983లో బయటికొచ్చాం. ఆ తర్వాత బ్యాచ్ మొత్తంగా రెండుసార్లు కలిశాం. పాతికేళ్ళకు 2008లో ఒకసారి, నలభై దాటాక 2024 జనవరిలో ఒకసారి. మొదటిసారి చేసిన పొరపాట్లు రెండోసారి చాలావరకు దిద్దుకున్నాం. దిద్దుకోవడానికి వీల్లేనిది ఒకటుంది. ముందు అదే చెబుతాను.

2008లో హైదరాబాద్‌లో ఒక పెద్ద హోటల్లో పెట్టాం. తలకు ఐదు వేలు. ఉద్యోగాల్లో ఉన్న మాకు అదేం పెద్ద లెక్క అనిపించలేదు. ప్రకాశం జిల్లాలో సొంత వ్యవసాయం చేసుకుంటున్న మా హాస్టల్ మిత్రుడొకడు, "అమ్మాయికి పెళ్ళిచూపులున్నాయిరా, ఈసారికి నన్ను వదిలెయ్యండి" అన్నాడు. సరేలే అన్నాం. వేసిన పైరు చేతికి రాక వాడు ఆ ఏడు అప్పుల్లో ఉన్నాడని, కట్టాల్సిన డబ్బు, రైలు ఖర్చు, నలుగురిలోకి వేసుకెళ్ళే బట్టలు అన్నీ లెక్కేసుకుని ఆగిపోయాడని రెండేళ్ళ తర్వాత వాళ్ళ తమ్ముడు చెప్పాడు. పెళ్ళిచూపులు లేనే లేవు. వెళ్ళి కలుద్దాం, కలుద్దాం అనుకుంటూ నేను రోజులు గడిపాను. 2015లో వాడు పోయాడు.

అందుకే నీకు చెప్పేది ఒక్కటే తమ్ముడూ. రాగలిగినవాళ్ళు నువ్వు పిలిచినా పిలవకపోయినా వస్తారు. రాలేనివాళ్ళని తలుచుకుని ఏర్పాట్లు చెయ్యి. చోటు, తేదీ, డబ్బు, స్టేజీ, అన్నీ దాన్నిబట్టే తేల్చుకో.

ముందు పేర్లు. వాట్సాప్ గ్రూపులో ఉన్నవాళ్ళే బ్యాచ్ అనుకోవద్దు. పాత గ్రూప్ ఫోటో ఒకటి పెట్టుకుని, మీలో ఇద్దరు ముగ్గురు కూర్చుని రోల్ నంబర్ల వరసలో హాజరు పిలుచుకోండి. మేం అలాగే చేశాం. విడిగా ఆలోచిస్తే గుర్తురాని పేర్లు ఆ వరసలో వాటంతటవే నోటికొచ్చాయి. "వాడి తర్వాత ఎవర్రా? టెన్నిస్ ఆడేవాడు, రాయచోటి వైపు వాడు" అంటూ తొమ్మిది మందిని అలా పట్టుకున్నాం. ఆ తర్వాత ఒక్కొక్కరికి ఐదేసి పేర్లు పంచు. అందరూ అందరినీ వెతికితే ఎవరూ ఎవరినీ వెతకరు.

మన చదువుకి ఒక వసతి ఉంది. ఏ మండలానికి వెళ్ళినా ఒక ఏఓ, అంటే వ్యవసాయ అధికారి ఉంటాడు, ఏ ఊళ్ళోనైనా ఎరువుల కొట్టుంటుంది. ఒక మిత్రుడి గురించి ఊరి పేరు తప్ప మాకేమీ తెలియదు. ఆ మండలం ఏఓకి చెబితే, రైతు భరోసా కేంద్రంలో పనిచేసే కుర్రాడు సాయంత్రానికల్లా మనిషిని కనుక్కున్నాడు. ఒక్క జాగ్రత్త మాత్రం తీసుకో. వాళ్ళ నంబరు నువ్వు అడగొద్దు, నీ నంబరు వాళ్ళకి చేర్చమను. మాట్లాడాలనుకుంటే వాళ్ళే చేస్తారు. ఇన్నేళ్ళు ఎవరికీ కనపడకుండా ఉన్నారంటే దానికో కారణం ఉండొచ్చు. మేం పట్టుకున్నవాళ్ళలో ఒకతను నాలుగు నెలలు మాట్లాడలేదు. తర్వాత ఒక రాత్రి తనే ఫోన్ చేసి గంటన్నర మాట్లాడాడు.

ఆడపిల్లల్ని వెతకడం ఇంకా కష్టం. పెళ్ళయ్యాక ఇంటిపేరు మారింది, ఊరు మారింది. పుట్టింటి వైపు నుంచే కనుక్కోవాలి. ఫోన్ మాత్రం మీ బ్యాచ్ అమ్మాయిలతోనే చేయించు. మా తరంలో వాళ్ళు ఏడుగురే. 2008లో ఒక్కరూ రాలేదు. మేం మగవాళ్ళమే ఫోన్లు చేశాం, రాత్రి పార్టీ ఉంటుందని కూడా చెప్పాం. 2024లో వాళ్ళలో ఒకామె ఆ పని తన మీద వేసుకుంది. రాత్రి బస అందరికీ ఒకేచోట, ఎవరికి వీలైతే వాళ్ళు కుటుంబంతో రావచ్చు అని చెప్పింది. ఐదుగురు వచ్చారు.

ఇక చోటు. మారుమాట లేదు, బాపట్లలోనే పెట్టు. 1945 నుంచి ఉన్న కాలేజీ అది. అక్కడికి బస్సులో వచ్చినవాడూ కారులో వచ్చినవాడూ అదే గేటు దాటి లోపలికి రావాలి. హోటల్లో అయితే అందరం అతిథులమే, అక్కడ మాత్రం కాదు. విజయవాడ, చెన్నై మధ్య లైను మీద ఉంది కాబట్టి రైలు ఇబ్బంది లేదు. గదులు మాత్రం ఊళ్ళో తక్కువ. చీరాలలోనూ సూర్యలంకలోనూ ముందే చూసిపెట్టుకో. అసోసియేట్ డీన్ గారికి మూడు నెలల ముందే ఉత్తరం రాసి, అనుమతి కాగితం మీదే తీసుకో. సూర్యలంక తీరంలో సాయంత్రం కాసేపు కూర్చోండి, కానీ సముద్రంలో లోపలికి దిగనివ్వొద్దు. పాతికేళ్ళ తర్వాత కలిసిన హుషారులో ఎవరూ ఎవరి మాటా వినరు.

తేదీ దగ్గర మేం ఒక గండం తప్పించుకున్నాం. అమెరికా నుంచి వచ్చేవాళ్ళకి వీలని 2023 డిసెంబర్ మొదటి వారం అనుకున్నాం. కర్లపాలెం దగ్గర వరి వేసే మిత్రుడొకడు, "కోతల టైమురా అది, పైగా తుఫాన్ల కాలం, నేను రాలేను" అన్నాడు. అతని ఒక్కడి కోసం సంక్రాంతి వెళ్ళిన వారానికి మార్చాం. డిసెంబర్ 5న మిచౌంగ్ తుఫాను సరిగ్గా బాపట్ల దగ్గరే తీరం దాటింది. మీవాళ్ళలోనూ సేద్యం చేసేవాళ్ళుంటారు, మొదట వాళ్ళనే అడుగు. కోతలై, మినుము మొలిచి, పండగ వెళ్ళాక అందరికీ కాస్త ఊపిరాడుతుంది. మీ వయసుకు పిల్లలు ఇంటర్లో, ఎంట్రెన్స్ టెన్షన్లో ఉంటారు కాబట్టి ఫిబ్రవరి దాటనివ్వొద్దు. మాఘమాసం వస్తే పెళ్ళిళ్ళు కూడా అడ్డొస్తాయి.

డబ్బు సంగతి వివరంగా చెబుతాను, ఎందుకంటే మనసులు విరిగేది అక్కడే. "తలకు ఇంత" అని గ్రూపులో పెట్టొద్దు. ఒక్కొక్కరికి దాదాపు ఎంత ఖర్చవుతుందో చెప్పి, ఎవరికి వీలైనంత వాళ్ళు వెయ్యండి అను. ఎవరెంత వేశారో ఖాతా చూసే ఇద్దరికే తెలియాలి. ఆ ఇద్దరూ నోరు గట్టి మనుషులై ఉండాలి. దాతల పేర్లతో ఫ్లెక్సీ కట్టించొద్దు. మాకు ముగ్గురు ఒక్క రూపాయి కూడా వెయ్యలేదు, ఒకరు లక్ష వేశారు. ఎవరా ముగ్గురో నాకు ఇప్పటికీ తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. కార్యక్రమం అయిన వారంలోపు మొత్తం జమ, మొత్తం ఖర్చు అందరికీ పంపేయండి.

పరిచయాల కార్యక్రమంలో మైకు చేతికిస్తే ఏమవుతుందో లెక్క వేసుకో. అరవై మంది, తలా పది నిమిషాలు, పది గంటలు. పైగా ఆ పది నిమిషాల్లో వినపడేది పదవులు, ఫ్లాట్లు, పిల్లల ప్యాకేజీలు. పిల్లల్లేనివాళ్ళుంటారు, విడిపోయినవాళ్ళుంటారు, చేతికందిన కొడుకుని పోగొట్టుకున్నవాళ్ళుంటారు. వాళ్ళు తమ వంతు ఎప్పుడొస్తుందోనని బిక్కుబిక్కుమంటూ కూర్చుంటారు. మేం నెల ముందే ఒక్కొక్కరి దగ్గర ఒక పేజీ రాయించుకుని, చిన్న పుస్తకంలా కుట్టించి రైలు దిగగానే చేతికిచ్చాం. "మనం చదివిన చదువు నీకు ఎక్కడ పనికొచ్చింది?" అన్నదొక్కటే ప్రశ్న. బ్యాంకులో రిటైరైనవాడు పెరట్లో నిమ్మచెట్టు గురించి రాశాడు. ఒకామె మామగారి పొలాన్ని పదేళ్ళు తనే చూసుకున్న సంగతి రాసింది. అది మాకెవరికీ తెలియదు.

భోజనం మాత్రం గొప్పగా పెట్టు. గొప్ప అంటే ఇరవై రకాలు కాదు. మన బాపట్లలోనే పుట్టిన బీపీటీ 5204, సాంబ మసూరి అన్నం వండించు. మేం వెళ్ళిపోయిన మూడేళ్ళకి, 1986లో అది విడుదలైంది. ఉద్యోగం పొడుగునా రైతులకి చెబుతూ వచ్చిన వంగడాన్ని ఆ నేల మీదే, అందరం బంతిలో కూర్చుని తింటుంటే మా అందరి కళ్ళూ చెమర్చాయి. ఒంటిగంటకల్లా వడ్డించు. మీ వయసుకే షుగర్ మందులు వేసుకునేవాళ్ళుంటారు.

గురువుల్ని స్టేజీ మీద గంటలకొద్దీ కూర్చోబెట్టొద్దు. నడవగలిగినవాళ్ళని ఒక గంట తీసుకొచ్చి దించేసి రండి. నడవలేనివాళ్ళ ఇంటికి నలుగురు వెళ్ళండి. చదువులో భాగంగా పల్లెలో ఉండి పని నేర్చుకున్న మీ ర్యావెప్ ఊళ్ళో మిమ్మల్ని పొలం తీసుకెళ్ళిన రైతుని కూడా పిలవండి. ఆయనా గురువే.

పోయినవాళ్ళని తలుచుకోవడం పొద్దున్నే, మొట్టమొదట పెట్టు. ఫోటో, పేరు, రోల్ నంబరు, ఒక్కొక్కరికి ఒక్క నిమిషం. వాళ్ళ ఇంటివాళ్ళని తప్పకుండా పిలువు. నేను మొదట చెప్పిన మిత్రుడి భార్యని పిలవడానికి మేం ముగ్గురం వాళ్ళ ఊరు వెళ్ళాం. వస్తుందని అనుకోలేదు. కొడుకుని వెంటబెట్టుకుని వచ్చింది. చేతిలో గుడ్డ చుట్టిన చెక్కపెట్టె. విప్పితే అది వాడి ఎంటమాలజీ ఇన్‌సెక్ట్ బాక్స్, పురుగుల శాస్త్రం క్లాసు కోసం పట్టి దాచిన పురుగుల పెట్టె. నాఫ్తలీన్ వాసన గుప్పుమంది. వరసగా గుచ్చిన గుండుసూదులు, సగం పురుగులు పొడై రాలిపోయాయి. మూలన ఒక కాండం తొలుచు పురుగు మాత్రం అలాగే ఉంది. పసుపు రెక్క, దాని మీద నల్లచుక్క. కింద అగ్గిపుల్ల పొడుగు కాగితం మీద వాడి గుండ్రటి చేతిరాతలో తేదీ, 1981. హాస్టల్ వరండాలో లైటు దగ్గర అది పట్టిన రాత్రి నేను పక్కనే ఉన్నాను. ఆ సంగతి వాళ్ళబ్బాయికి చెప్పాను. "నాన్న బాగా చదివేవారా అంకుల్?" అని అడిగాడు. చాలాసేపు మాట్లాడుకున్నాం.

గ్రూపు గురించి ఒక మాట. రాష్ట్రం విడిపోయినప్పుడు మా గ్రూపు కూడా చీలిపోయేంత పనైంది. పార్టీలు, కులాలు అందులోకి రానివ్వొద్దని మొదటిరోజే రాసిపెట్టు. మాట దాటినవాళ్ళకి ఫోన్ చేసి విడిగా చెప్పు, అందరిలో అనొద్దు.

పని మొదలుపెట్టడానికి కమిటీ కోసం ఆగొద్దు. నీ రోల్ నంబరుకి ముందు ఎవరు, వెనక ఎవరు? ఆ రెండు పేర్లు, వాళ్ళిప్పుడు ఎక్కడున్నారో రాసి ఈ వారంలోగా నాకు పంపు.

మీ అన్నయ్య,
1979–83 బ్యాచ్