లినక్స్ ఫ్రమ్ స్క్రాచ్ అంతా కట్టేశాక ప్యాకేజీ మేనేజర్ పెట్టుకోవచ్చా?

పెట్టుకోవచ్చు. లినక్స్ ఫ్రమ్ స్క్రాచ్ అంటే ఒక పుస్తకం చూసి, ప్రోగ్రాములన్నీ సోర్స్ కోడ్ నుంచి మనమే కట్టుకునే లినక్స్. ప్యాకేజీ మేనేజర్ అంటే ఏ ప్రోగ్రాము ఫైళ్లు ఎక్కడున్నాయో లెక్క ఉంచేది. కానీ "అంతా కట్టేశాక" అన్నారు చూడండి, చిక్కంతా అక్కడే ఉంది.

మాది ఒడిశా గజపతి జిల్లా, పర్లాకిమిడి. డీటీపీ షాపు. పక్కనే పాతపట్నం, అది ఆంధ్రా. అందుకే మా దగ్గర శుభలేఖ ఒకవైపు తెలుగు, ఇంకోవైపు ఒడియా. షాపు కంప్యూటర్‌లో లినక్స్ నేనే కట్టుకున్నాను. ఏది ఎప్పుడు దించానో (ఇన్‌స్టాల్ చేశానో) నోటు పుస్తకంలో రాసుకునేవాణ్ణి.

మాఘమాసం ముహూర్తాలు. పెళ్లికూతురి తండ్రి ఎదురుగా కూర్చున్నారు, పొద్దున్నకి కార్డులు కావాలి. కార్డులు డిజైన్ చేసే ఇంక్‌స్కేప్ తెరుచుకోదు. టెర్మినల్లో "అన్‌డిఫైన్డ్ సింబల్" అని, అంటే కావలసిన ఫంక్షన్ లైబ్రరీలో దొరకలేదని, ఒకే ఒక్క లైను. ముందురోజు రాత్రి అక్షరాలు పేర్చే లైబ్రరీ పాంగో కొత్తది వేశాను. అడిగినవాళ్లంతా ఫాంట్ మార్చమన్నారు. తెలుగుకి ఏ ఇబ్బంది వచ్చినా ఫాంట్ మీదే తోసేస్తారు, అది నాకు భలే కోపం! గిడుగు రామమూర్తి గారు వాడుక తెలుగు కోసం వాదించిన ఊరండీ ఇది, ఇక్కడ తెలుగు శుభలేఖ ఆగిపోతే నాకు నిద్ర పట్టదు.

రాత్రి పదకొండుకి ప్రోగ్రాము ఏ లైబ్రరీలు వాడుతోందో చూపే ఎల్‌డీడీ కమాండ్ కొట్టి చూస్తే తేలింది. ఒత్తులు, గుణింతాలు అమర్చే హార్ఫ్‌బజ్ రెండు కాపీలున్నాయి. కొత్తది యూఎస్ఆర్ లిబ్‌లో. పాతది, ఎప్పుడో ప్రిఫిక్స్ (ఎక్కడ దించాలో చెప్పే ఆప్షన్) ఇవ్వకుండా కట్టింది, యూఎస్ఆర్ లోకల్ లిబ్‌లో. ప్రోగ్రాముకి లైబ్రరీలు వెతికిచ్చే లోడరు పాతదాన్నే పట్టుకుంటోంది, కొత్త పాంగో అడిగింది అందులో లేదు. నోటు పుస్తకంలో "హార్ఫ్‌బజ్, అయింది" అని ఉంది, ఎక్కడ దిగిందో లేదు. పాతది తీసేసి లోడరు చూసే జాబితాని తాజా చేసే ఎల్‌డీకాన్ఫిగ్ నడిపాక కార్డు తెరుచుకుంది.

ప్యాకేజీ మేనేజర్‌కి తను దించినవే తెలుస్తాయి, మీరు చేత్తో దించినవి తెలియవు. కాబట్టి పుస్తకంలో అసలు సిస్టమ్ కట్టే 8వ అధ్యాయం మొదలు నుంచే ప్రతిదాన్నీ డెస్ట్‌డిర్ అనే సెట్టింగ్ ఇచ్చి వేరే ఫోల్డర్లో దించండి, ఫైళ్ల జాబితా దాచండి. ఏది పెట్టాలంటే ఆర్చ్ లినక్స్ వాళ్ల పాక్‌మాన్ అంటాను. దాని ప్యాకేజీ కట్టే స్క్రిప్టు పీకేజీబిల్డ్‌లో రాసేది మీరు పుస్తకం చూసి కొట్టే కమాండ్లే. ఇప్పటికే కట్టేసినవాళ్లు ఒక్కొక్కటీ మళ్లీ కట్టి ఓవర్‌రైట్ ఆప్షన్‌తో ఎక్కించాలి. విసుగే, అయినా చెయ్యండి.

డెబియన్ లినక్స్ వాళ్ల ప్యాకేజీ మేనేజర్ డీపీకేజీ పెట్టి డెబియన్ ప్యాకేజీలు తెచ్చుకుందామనుకోవద్దు. అవి వాళ్ల జీలిబ్‌సీకి (ప్రోగ్రాములన్నీ ఆనుకునే మూల సి లైబ్రరీకి) కట్టినవి. మీ జీలిబ్‌సీ కూడా నడుస్తున్న సిస్టమ్ మీద మార్చకండి. వేరే పార్టిషన్‌లో కొత్తగా కట్టి, మీ పీకేజీబిల్డ్‌లనే అక్కడ నడపండి. రెండోసారి నేను అలాగే చేశాను, పాత పార్టిషన్ మీద షాపు పని ఒక్కపూట కూడా ఆగలేదు.