తలకు దెబ్బ తగిలితే: అమ్మడికి పెద్దమ్మ ఉత్తరం

అమ్మడూ,

మొన్న ఫోన్ చేసి, బాబు మంచం మీంచి పడి నుదురు బొప్పి కట్టిందని ఒకటే కంగారుపడ్డావు. ఫోన్ పెట్టేసే ముందు మాత్రం, "అత్తయ్యగారు కూడా బాత్రూంలో జారారులే, తల గోడకి కొట్టుకుంది, ఏం కాలేదు" అన్నావు. నన్ను కంగారు పెట్టింది ఆ రెండో మాటే. అందుకే అప్పటికప్పుడు స్కాన్ తీయించమన్నాను. బాగానే ఉందన్నారు కాబట్టి ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను.

క్యాజువాలిటీలో ఇన్నేళ్లు డ్యూటీ చేశాక చెబుతున్నా, బొప్పి సైజు చూసి లోపల దెబ్బ ఎంతో చెప్పలేం. నెత్తి మీద చిన్న గీత పడినా రక్తం ధారకడుతుంది, చూసేవాళ్లకి గుండె జారిపోతుంది. శుభ్రమైన గుడ్డ పెట్టి పది నిమిషాలు వదలకుండా అదిమి పట్టుకుంటే చాలామటుకు ఆగుతుంది. ఎముక లోపలికి నొక్కుకుపోయినట్టు అనిపిస్తే మాత్రం అదమకు. కాఫీ పొడి, పసుపు అద్దకండి తల్లీ, కుట్లు వేసే ముందు అదంతా కడిగేసరికి మా పని అయిపోయేది.

బాబు పడగానే ఏడ్చాడు, కాసేపటికి ఆటలో పడ్డాడు. అది మంచి గుర్తు. ఒక్క వాంతి అయితే కనిపెట్టుకుని ఉండొచ్చు, మళ్లీ మళ్లీ అయితే బయల్దేరాల్సిందే. ఏడాది నిండని పసివాళ్లు పడితే మాత్రం ఆలోచించకుండా డాక్టరుకి చూపించాలి.

దెబ్బ తగిలినవాళ్లని నిద్రపోనివ్వకూడదని మీ ఇంట్లో అంటారు కదా, నిద్రవేళకి పడుకోనివ్వండి. మొదటి రాత్రి రెండు మూడు గంటలకోసారి పేరు పెట్టి పిలిచి, భుజం తట్టి లేపు. విసుక్కుని నీ చెయ్యి తోసేసి అటు తిరిగి పడుకున్నాడా, నిశ్చింతగా ఉండు. పెద్దవాళ్లనైతే రాత్రి ఏం కూర తిన్నారో అడుగు. మాట తడబడినా, పొంతన లేని జవాబు చెప్పినా, ఎంత తట్టినా కళ్లు తెరవకపోయినా 108కి ఫోన్ చెయ్యి. తలనొప్పి గంటగంటకీ పెరగడం, ఫిట్స్, ఒక కంటిపాప పెద్దదవడం, చెయ్యో కాలో పట్టు తప్పడం, ముక్కులోంచో చెవిలోంచో నీళ్లలాంటిది కారడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా అంతే. పడ్డప్పుడు కాసేపు స్పృహ తప్పినా చూపించాలి. మెడ నొప్పి అంటే కదపకుండా ఉంచి అంబులెన్స్‌ని పిలువు. తాగి బండి మీంచి పడ్డవాళ్ల సంగతి వేరే చెప్పాలా? అది మత్తో దెబ్బో ఇంట్లో ఎవరూ తేల్చలేరు.

"లేచి బాగానే మాట్లాడారుగా" అనుకోవద్దు. 2009లో నటాషా రిచర్డ్‌సన్ అనే నటి కెనడాలో మంచు మీద స్కీయింగ్ చేస్తూ పడిపోయింది. లేచి మామూలుగానే మాట్లాడింది, మొదట వచ్చిన అంబులెన్స్ తిరిగి వెళ్లిపోయింది. తర్వాత తలనొప్పి మొదలైంది, రెండు రోజులకి ప్రాణమే పోయింది. పుర్రెకీ మెదడు పైపొరకీ మధ్య రక్తం చేరి మెదడుని నొక్కేసింది.

ఇక మీ అత్తగారు. 65 దాటాయి, పైగా స్టెంట్ వేశాక రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నారు. అలాంటివాళ్ల తలకి దెబ్బ తగిలితే, బొప్పి లేకపోయినా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఒక్కోసారి లోపల రక్తం మెల్లగా ఊరి, వారాల తర్వాత బయటపడుతుంది. నడక తూలుతుంది, మతిమరుపు వస్తుంది, మగతగా ఉంటారు. ఇంట్లోవాళ్లేమో వయసు మీద పడిందనుకుంటారు. అందుకని ఆవిడ పడ్డ తేదీ క్యాలెండర్ మీద రాసిపెట్టు. భయపడి గుండె మాత్రలు మీ అంతట మీరు ఆపెయ్యకండి, ఆ మాట గుండె డాక్టరే చెప్పాలి. తలనొప్పికి పారాసిటమాల్ చాలు, బ్రూఫెన్ లాంటివి వద్దు.

ఆవిడ మందుల చీటీ ఫొటో తీసి నీ ఫోన్లోనూ అల్లుడుగారి ఫోన్లోనూ పెట్టుకోండి. క్యాజువాలిటీలో మొదట అడిగేది అదే. బాత్రూంలో పట్టుకోవడానికి ఒక కడ్డీ ఈ ఆదివారమే బిగించమను.

మీ పెద్దమ్మ