లక్షా అరవై వేల మైళ్ల సిల్వరాడోకి ట్రాన్స్‌మిషన్ (గేర్‌బాక్స్) ఆయిల్ మార్చొచ్చా?

నమస్తే అండీ. 2008 షెవర్లే సిల్వరాడో 1500 పికప్ సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు, 1,60,000 మైళ్లు తిరిగింది, "ఇప్పుడు ఆయిల్ ముట్టుకుంటే గేర్లు జారతాయి" అని ఎవరో భయపెట్టారు, అంతే కదా? మార్చండి. పాత ఆయిల్‌ని ఒత్తిడితో మొత్తం బయటికి తోసే ఫ్లష్ మెషిన్ జోలికి మాత్రం పోకండి.

ముందు ట్రాన్స్‌మిషన్ డిప్‌స్టిక్ (ఆయిల్ లెవెల్ చూసే కడ్డీ) తీసి తెల్ల టిష్యూ మీద రెండు చుక్కలు వేయండి. ఎర్రగానో, కాస్త గోధుమ రంగులోనో ఉంటే టెన్షన్ లేదు. నల్లబడి, మాడు వాసన వస్తూ, గేర్ ఇప్పటికే జారుతుంటే లోపల క్లచ్ ప్లేట్లు అరిగినట్టే. అలాంటి బండికి ఆయిల్ మార్చాక గేర్ పోతే నింద కొత్త ఆయిల్ మీద పడుతుంది. ఆ భయం పుట్టింది అక్కడే.

మీది 4-స్పీడ్ అయితే డెక్స్‌రాన్ 6 రకం ట్రాన్స్‌మిషన్ ఆయిల్ పోయాలి. పాన్ (గేర్‌బాక్స్ అడుగున ఉండే ఆయిల్ తొట్టి) విప్పితే 5 క్వార్ట్‌ల (దాదాపు 4.7 లీటర్ల) దాకా వస్తుంది. సగానికి పైగా టార్క్ కన్వర్టర్‌లోనూ (ఇంజిన్ శక్తిని గేర్‌బాక్స్‌కి అందించే భాగం), గేర్‌బాక్స్ లోపలా ఉండిపోతుంది. అందుకే కొన్ని వారాలు నడిపి ఇంకోసారి మార్చండి. పాన్ బోల్టులు ఒక పక్కనుంచి వదులు చేసుకుంటూ రండి. నేను మొదటిసారి అన్నీ ఒకేసారి విప్పి ఆయిల్‌తో తలస్నానం చేశాను!

పాన్‌లో అయస్కాంతానికి బూడిద రంగు ముద్ద పట్టి ఉంటుంది, అది మామూలే. లోహపు ముక్కలుంటే ఆగి మెకానిక్‌కి చూపించండి. ఫిల్టర్ మార్చేటప్పుడు పాత సీల్ పైన రంధ్రంలోనే ఇరుక్కుపోతుంది, మర్చిపోకుండా లాగేయండి. పాన్ బోల్టులకు 11 న్యూటన్ మీటర్ల బిగింపు చాలు. బలమంతా పెడితే పాన్ వంగి కారుతుంది.

ఎంత వచ్చిందో కొలిచి అంతే పోయండి. ఇంజిన్ వేడెక్కాక, గేర్లన్నీ ఒకసారి తిప్పి, పార్క్‌లో ఐడిల్ మీదే లెవెల్ చూడండి.