కణాల నుంచి మాంసం: ఆధార పదార్థాల చదువుకు భవిష్యత్తు ఉందా?

దేవరకొండ సమీపంలో గొర్రెలు పెంచుకునే ఒక తండ్రి ఇలా అడిగారు: "మా అమ్మాయి నల్లగొండలో బీఎస్సీ బయోటెక్నాలజీ, కెమిస్ట్రీ చివరి సంవత్సరం చదువుతున్నది. జీవాలను కోయకుండా కణాల నుంచి మాంసం పెంచేటప్పుడు ఆ కణాలకు ఆధారంగా ఉండే పదార్థాల మీద పరిశోధన చేస్తానంటున్నది. దానితో బతుకుదెరువు ఉంటదా?"

అయ్యా, మీ అమ్మాయి పట్టుకున్న అంశం చిన్నది కాదు. కండర కణాలు సాధారణంగా దేనినైనా అంటిపెట్టుకొనే పెరుగుతాయి. పైగా రక్తనాళాలు లేని కణజాలంలో ఆక్సిజన్ మిల్లీమీటరులో పదో వంతు, మహా అయితే ఐదో వంతు లోతుకే సరిగా అందుతుంది కాబట్టి, మందపాటి ముక్క లోపలి కణాలు చనిపోతాయి. ఖీమా లాంటిది తయారైనంత సులువుగా కూరముక్క తయారు కాకపోవడానికి ఇదొక ముఖ్య కారణం. 2013లో నెదర్లాండ్స్ శాస్త్రవేత్త మార్క్ పోస్ట్ బృందం లండన్‌లో చూపిన, ఇలా పెంచిన మాంసంతో చేసిన మొదటి బర్గర్ కూడా సన్నని కండర పోగులను కూర్చి చేసినదే.

ఎండిన బీరకాయ పీచును చేతిలోకి తీసుకొని చూడండి. పట్టుకోవడానికి పోగులు, వాటి నడుమ ద్రవం పారడానికి ఖాళీలు ఉంటాయి. కణాలకు కావలసిన చట్రమూ అలాంటిదే, కానీ అది తినదగినదిగా, చౌకగా, నమిలితే మాంసంలా తగిలేదిగా ఉండాలి. ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు 2020లో, మనం మీల్ మేకర్ అని వండుకునే సోయా పదార్థం వంటిదాని మీద ఆవు కండర కణాలను పెంచి చూపారు. మరుసటి ఏడాది బోస్టన్ కాలేజీ వారు పాలకూర ఆకులోని మొక్క కణాలను కడిగివేసి, మిగిలిన ఈనెల అల్లికను అదే పనికి వాడారు.

ఉద్యోగాల విషయం దాచకుండా చెబుతాను. సింగపూర్ 2020లో, అమెరికా 2023లో ఇలాంటి మాంసం అమ్మకానికి అనుమతి ఇచ్చినా, ఆ ఒక్క పరిశ్రమను నమ్ముకొని చదవమని నేను చెప్పను. అయితే కణాలను పెంచడం, వాటికి తగిన పదార్థం తయారుచేయడం తెలిసినవారికి హైదరాబాద్‌లో వేరే దారులూ ఉన్నాయి. కొన్ని టీకాల తయారీలో కణాలను సన్నని పూసల మీద పెంచుతారు. పుండ్లు మాన్పే పట్టీలకు, కృత్రిమ చర్మానికి పనికొచ్చే విద్య కూడా ఇదే. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ, చెంగిచర్లలోని జాతీయ మాంస పరిశోధన కేంద్రం ఈ మాంసం మీదనే కలిసి పనిచేశాయి.

ముందుగా ఎంఎస్సీ కోసం తెలంగాణ విశ్వవిద్యాలయాల ప్రవేశ పరీక్ష సీపీగెట్‌తో పాటు జాతీయ స్థాయి గాట్-బీ, జామ్ పరీక్షలూ రాయించండి. కళాశాల పేరు కన్నా, అక్కడ విద్యార్థులు స్వయంగా కణాలను పెంచే ప్రయోగశాల ఉందా అన్నది వెళ్లి అడగండి. నా దృష్టిలో ఈ ఒక్క ప్రశ్న మిగతా అన్నిటికన్నా విలువైనది. రెండు మూడు రోజుల సర్టిఫికెట్ కోర్సులకు డబ్బు పోయకండి. ఆ తరువాత సీఎస్ఐఆర్ నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్ఎఫ్, అంటే పరిశోధన చేసేవారికి నెలనెలా ఇచ్చే భృతి, వస్తే, పరిశోధన మొదటి రెండేళ్లలో నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్ ఉంటుంది కనుక ఇంటి మీద భారం తగ్గుతుంది. పీహెచ్‌డీకి అయిదేళ్లదాకా పట్టవచ్చునని మాత్రం ఇప్పుడే మనసులో పెట్టుకోండి.

ఈలోగా కాలేజీ ల్యాబ్‌లోనే ఆమె మొదలుపెట్టగల పని ఒకటుంది. సముద్రపు నాచు నుంచి వచ్చే సోడియం ఆల్జినేట్ ద్రావణాన్ని కాల్షియం క్లోరైడ్‌లోకి చుక్కలుగా వదిలితే మెత్తని పూసలు ఏర్పడతాయి. గాఢత మార్చినప్పుడల్లా వాటి గట్టిదనం, నీటిలో ఉబ్బే తీరు ఎలా మారుతున్నాయో కొలిచి, చివరి సంవత్సరం ప్రాజెక్టుగా రాయమనండి.