బర్గండీ ద్రాక్షతోటల్లో సైకిల్: రోజుకి 30 కిలోమీటర్లు చాలు

మీ ప్రశ్న చదివాను. సెప్టెంబరులో ఫ్రాన్స్ వస్తున్నారు, మూడు రోజులు వైన్ తోటల మధ్య సైకిల్ తొక్కాలని మీవారి కోరిక. మీరేమో వైన్ ముట్టరు, శాకాహారి, సైకిల్ తొక్కి చాలా ఏళ్లయింది. ఆ మూడు రోజులూ మీకు బోరు కొడుతుందేమోనని, అసలు తొక్కగలనా అని మీ టెన్షన్.

బోరు కొట్టదండీ. తొక్కగలరు కూడా. నేను ఆరేళ్లుగా లియోన్‌లో ఉంటున్నాను, బర్గండీకి సైకిల్ మీద నాలుగుసార్లు వెళ్లాను. బోర్డో, అల్సాస్, లువార్ లోయ లాంటి వైన్ ప్రాంతాలన్నీ చూడదగ్గవే. కానీ చేతిలో మూడు రోజులే ఉన్నవాళ్లకి నేను బర్గండీయే చెప్తాను. పారిస్‌లో గార్ ద లియోన్ స్టేషన్ నుంచి దిజోన్‌కి టీజీవీ అనే వేగ రైల్లో గంటన్నర పైచిలుకు. అక్కడి నుంచి బోన్ ఊరికి టీఈఆర్ అనే లోకల్ రైల్లో అరగంట లోపే. ఇక తోటలంటారా, దిజోన్ నుంచి దక్షిణంగా సాంత్నే దాకా 60 కిలోమీటర్ల లోపు ఒక సన్నటి పట్టీ, అంతే. అడ్డంగా చాలాచోట్ల ఒకటి రెండు కిలోమీటర్లు కూడా ఉండదు. పడమర పక్క కొండవాలు, తూర్పు పక్క మైదానం, ఆ రెంటికీ మధ్యలో తోటలు. దారి తప్పే ప్రసక్తే లేదు.

మొదటిసారి నేను చేసిన తప్పు మీరు చెయ్యకండి. ఒక్క రోజులో దిజోన్ నుంచి సాంత్నే దాకా వెళ్లి, కొండ మీది ఊళ్లు కూడా చుట్టి, 90 కిలోమీటర్లు తొక్కాను. సాయంత్రానికి గుర్తున్నది రోడ్డు మీది తెల్లగీతే. ఇక్కడ చూడాల్సినవన్నీ వంద అడుగుల దూరంలో ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి. రోజుకి 30 కిలోమీటర్లు పెట్టుకోండి, పదిచోట్ల దిగండి.

ఆ సంగతి నాకు అర్థమైంది రెండోసారి వెళ్లినప్పుడు, ఒక పంక్చరు వల్ల. పులిన్యీ-మోంత్రషే ఊరు దాటి తోటల్లోకి ఎక్కుతుంటే వెనక చక్రం గాలి పోయింది. అద్దె షాపు వాళ్లిచ్చిన సంచి విప్పితే స్పేర్ ట్యూబు ఉంది కానీ దాని వాల్వు లావుది, కారు టైరుకి ఉండేలాంటిది. నా రిమ్ముకి సన్న వాల్వు పట్టే కన్నమే ఉంది. ఎంత తోసినా దూరదు. పక్క వరసలో తీగలు కడుతున్న ఒక పెద్దాయన చూసి, ఏమీ అడక్కుండా వ్యాన్ దగ్గరికి వెళ్లి బకెట్టుతో నీళ్లు, ఒక అరగదీసే కాగితం, ప్యాచీ, జిగురు తెచ్చాడు. ట్యూబుని బకెట్టులో ముంచి బుడగలు వచ్చేచోట బొటనవేలు పెట్టి పట్టుకున్నాడు. అచ్చం మా ఊళ్లో పంక్చరు షాపులో చేసినట్టే. మనసు ఎంత కుదుటపడిందో చెప్పలేను.

జిగురు ఆరేలోపు ఆయన నాకు నేల చూపించాడు. నా ఫ్రెంచి అప్పుడు అంతంతమాత్రం, కానీ చేతులతో చెప్పింది అర్థమైంది. దారికి దిగువనున్న మట్టి తీసి గుప్పిట్లో నొక్కితే ముద్దయింది. ఎగువనున్న మట్టి నొక్కితే వేళ్ల మధ్య నుంచి రాలిపోయింది, అరచేతిలో తెల్లటి సున్నపురాయి ముక్కలు మిగిలాయి. వాన పడితే నీరు ఎగువ నుంచి దిగువకి జారిపోతుంది. కింద మైదానంలో తేమ నిలుస్తుంది, మట్టి బరువు. మరీ పైన మట్టి పలచన, గాలి చల్లన. నడుమ వాలులో నీరు నిలవదు, పొద్దుటి ఎండ సూటిగా తగులుతుంది. ఈ తోటలకి ఎవరూ నీరు పెట్టరు, వాన నీరే. మనవైపు చెరువు కింద పొలానికి విలువ ఎక్కువ, ఎత్తున ఉన్న మెట్టకి తక్కువ కదా. ఇక్కడ నీరు నిలవని వాలుకే కోట్ల ధర.

ఈ తేడా సైకిల్ మీద కాళ్లకి తెలుస్తుంది. పులిన్యీ ఊరి దగ్గర చదునుగా, తేలిగ్గా తొక్కుతారు. అక్కడి పళ్లతో చేసిన సీసా మీద ఊరి పేరే ఉంటుంది. కొంచెం ఎక్కగానే గేరు ఒకటి తగ్గించాలి, అక్కడ ప్రీమియర్ క్రూ, అంటే నాణ్యతలో ఒక మెట్టు పైనున్న, తోటలు మొదలవుతాయి. ఇంకొంచెం ఎక్కితే ఎడమా కుడీ బతార్-మోంత్రషే, మోంత్రషే తోటలు, మధ్యలో ఒక ఇరుకు దారి. రెండూ గ్రాండ్ క్రూలే, అంటే అన్నిటికన్నా పై మెట్టు. అయినా ధరలో, పేరులో మోంత్రషేదే పైచెయ్యి. దాని పైన షెవాలియే-మోంత్రషే, అక్కడ వాలు ఇంకా నిటారు. మోంత్రషే మొత్తం 8 హెక్టార్లు, మన లెక్కలో 20 ఎకరాలు. చుట్టూ నడుమెత్తు రాతిగోడ, రాతి ద్వారం. కారులో వెళ్లేవాళ్లు ఆ ద్వారం ముందు ఫోటో తీసుకుని పోతారు, దారికి అటూ ఇటూ ఉన్న ఆ కాస్త ఎత్తు తేడా వాళ్లకి తెలియదు.

ఇందుకే వైన్ తాగనివాళ్లకి కూడా ఈ చోటు నచ్చుతుందని గట్టిగా చెప్తున్నాను. ఇది వైన్ కథ అయినా అంతకుముందు నేల కథ. ఇలా పేరు పెట్టి, హద్దులు వేసి, వందల ఏళ్లుగా విడివిడిగా సాగు చేస్తున్న ఒక్కో చెక్కని ఇక్కడ 'క్లిమా' అంటారు. వాతావరణానికీ ఫ్రెంచిలో అదే మాట, కానీ బర్గండీలో దానర్థం ఫలానా చేను అని. మొత్తం 1,247 క్లిమాలు. 2015లో యునెస్కో వీటిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. మన ఊళ్లలో ఒక్కో మడికీ, ఒక్కో చెక్కకీ ఒక పేరు పెట్టి పిలుచుకున్నట్టే. వ్యవసాయ కుటుంబం నుంచి వచ్చినవాళ్లకి ఇది వెంటనే పట్టుబడుతుంది. మా నాన్నగారిని తీసుకెళ్తే తోటలో గంటసేపు వంగి మొదళ్లు చూస్తూ ఉండిపోయారు. హైదరాబాద్ చుట్టుపక్కల అనాబెషాహీ తోటలు పందిరి మీద అల్లుకుని, మనం కింద నడిచేలా ఉండేవి. ఇక్కడ తీగ నడుము దాటదు, తీగెల కంచెకి కట్టి బెత్తెడు మొద్దులా కత్తిరిస్తారు. ఒక మొక్కకి ఇన్ని తక్కువ గుత్తులేంటని ఆయన పదిసార్లు అడిగారు.

ఇక దారులు. మొదటి రోజు బోన్ నుంచి సాంత్నే దాకా 'వువా దే వీన్య్' అనే సైకిల్ దారి పట్టుకోండి. సుమారు 22 కిలోమీటర్లు, పొమార్, వోల్నే, మెర్సో, పులిన్యీ, షసాన్య్ ఊళ్ల మీదుగా. చాలా భాగం పొలం దారే, తారు లేదా సిమెంటు వేసి ఉంటుంది, కార్లు తక్కువ, ప్రతి మలుపులో సైకిల్ బోర్డు కనిపిస్తుంది. వోల్నే దగ్గర ఒక్క ఎక్కుడు గట్టిగా ఉంటుంది, దిగి నడిపించుకుంటూ వెళ్లినా ఏమీ కాదు. సాంత్నేలో కాలువగట్టు దొరుకుతుంది, అది పూర్తిగా చదును. దాని వెంట షాన్యీ వెళ్లి రైలెక్కి బోన్‌కి తిరిగి రావచ్చు. మీకు ఏమాత్రం అనుమానం ఉన్నా ఎలక్ట్రిక్ సైకిల్ తీసుకోండి, ఇద్దరిలో ఒకరు తీసుకున్నా సరే.

రెండో రోజు సైకిళ్లతో టీఈఆర్ ఎక్కి దిజోన్ వెళ్లి, అక్కడి నుంచి తోటల దారిలో దక్షిణానికి దిగండి. జెవ్రే-షాంబెర్తాన్, మోరే, షాంబోల్, వూజో, వోన్-రోమనే. పక్కనే పెద్ద రోడ్డు డీ 974 ఉంటుంది, లారీలు తిరుగుతాయి, దాని మీదికి పోకండి. వూజోలో సిస్టెర్సియన్ అనే క్రైస్తవ శాఖ సన్యాసులు కట్టిన గోడ చుట్టూ తిరగండి. లోపల 50 హెక్టార్ల చేను, ఇప్పుడు ఎనభై మంది దాకా యజమానులున్నారు. పంపకాల్లో చేను ఎన్ని ముక్కలవుతుందో మనకి కొత్తగా చెప్పక్కర్లేదు. వోన్-రోమనే ఊరి పైన రోమనే-కోంతీ చేను ఉంది, నాలుగున్నర ఎకరాలు, మూల మీద ఒక రాతి శిలువ. ప్రపంచంలోకెల్లా ఖరీదైన వైన్లలో ఒకటి అక్కడి నుంచే వస్తుంది. లోపలికి అడుగు పెట్టొద్దని బోర్డు ఉంటుంది, దయచేసి పెట్టకండి, పండు కోయకండి. న్యూయీ-సాన్-జార్జ్‌లో రోజు ముగించి రైల్లో బోన్‌కి వచ్చెయ్యండి.

మూడో రోజు కాళ్లు నొప్పిగా ఉంటే బోన్‌లోనే ఉండి 1443లో స్థాపించిన ఆస్పత్రి, దాని రంగురంగుల పెంకుల కప్పు చూడండి. ఓపిక ఉంటే జివ్రీ నుంచి క్లూనీ దారి. పాత రైలు పట్టాలు తీసేసి 1997లో సైకిళ్లకిచ్చిన దారి అది, 44 కిలోమీటర్లు, రైలు నడిచిన చోటు కాబట్టి ఎక్కుళ్లు లేనట్టే. సగం చేసి వెనక్కి తిరిగినా మంచిదే.

తిండి, నీళ్ల విషయం జాగ్రత్తగా వినండి, ఇబ్బంది అంతా ఇక్కడే. మధ్యాహ్నం 12 నుంచి 2 దాకా ఊళ్లలో కొట్లు మూసేస్తారు, భోజనం పెట్టే చోట్లలో కూడా ఆ రెండు గంటలే వంట. ఆదివారం మధ్యాహ్నం, సోమవారం చాలావరకు బంద్. ఒక సోమవారం నేను రెండు అరటిపళ్లతో మెర్సో నుంచి సాంత్నే దాకా వెళ్లాను, చివరి అయిదు కిలోమీటర్లు కళ్లు తిరిగాయి. పొద్దున్నే బోన్‌లో బ్రెడ్డు, కోంతే చీజ్, పళ్లు కొని సంచిలో వేసుకోండి. గుడ్డు తింటే గుజేర్ అడగండి, చీజ్ వేసి కాల్చిన బోలు బోండాల్లా ఉంటాయి, ఈ ప్రాంతం వంటకమే. పచ్చళ్ల పొట్లాం ఒకటి దగ్గరుంచుకోండి, సాయంత్రానికి ప్రాణం లేచొస్తుంది.

నీళ్లు అయిపోతే ఆ ఊరి శ్మశానానికి వెళ్లండి. మనకి మనసొప్పదు, నాకూ మొదట ఒప్పలేదు. కానీ ఇక్కడ సమాధుల మీది పూలకుండీలకి పోయడానికి గేటు పక్కనే కుళాయి ఉంటుంది, చాలాచోట్ల అది ఊరికి సరఫరా అయ్యే నీరే, సైకిల్ తొక్కేవాళ్లందరూ అక్కడే నింపుకుంటారు. 'నాన్ పోతాబ్ల్' అని రాసి ఉంటే మాత్రం తాగకండి. లోపల ఎవరైనా కనిపిస్తే బోంజూర్ (నమస్కారం) చెప్పి, గేటు మళ్లీ వేసి రండి. ఆ మాటకొస్తే ఎక్కడైనా ముందు బోంజూర్, తర్వాతే ప్రశ్న. అది లేకుండా అడిగితే అవతలివాళ్ల ముఖం మాడుతుంది.

మీవారికి ఒక మాట. సైకిల్ తొక్కేవాళ్లకి కూడా ఇక్కడ మద్యం హద్దు ఉంది, లీటరు రక్తానికి 0.5 గ్రాములు, కార్లవాళ్లకి ఉన్నదే. రుచి చూసి పక్కనున్న పాత్రలో ఉమ్మెయ్యడం ఇక్కడ మర్యాదే, ఎవరూ తప్పు పట్టరు. టేస్టింగ్ సాయంత్రం సైకిల్ తిరిగి ఇచ్చేశాక పెట్టుకుంటే ఇంకా నయం. కొన్ని సెల్లార్లలో ద్రాక్షరసం పోస్తారు, మీరు అది అడగండి. చెవిలో ఇయర్‌ఫోన్స్‌తో తొక్కితే 135 యూరోల ఫైన్. బండ్లు కుడివైపు నడుస్తాయి. ఊళ్లలో బోర్డు లేని కూడలి దగ్గర మీ కుడివైపు నుంచి వచ్చే బండికే ముందు దారి, ఇది మనవాళ్లు మరిచిపోతారు.

సెప్టెంబరంటే కోతల కాలం. ఏడాదిని బట్టి ఆగస్టు చివరే మొదలవుతాయి కూడా. తీగల వరస మీదుగా కాళ్లు చాపినట్టు నడిచే ఎత్తు ట్రాక్టర్లు ఇరుకు దార్లలో ఎదురొస్తాయి, గట్టు మీదికి తప్పుకుని ఆగండి. దారి మీద నలిగిన పళ్లూ మట్టీ ఉంటాయి, వాన పడితే జారుతుంది, మలుపుల్లో బ్రేకు నొక్కకండి. కానీ గాలిలో పులిసిన పండు వాసన, తోటల్లో కూలీల కేకలు, ఆ సందడి మిగతా నెలల్లో దొరకదు. గదులు మాత్రం చాలా ముందే నిండిపోతాయి, బోన్‌లో ఒకే చోట మూడు రాత్రులూ ఇప్పుడే బుక్ చేసుకోండి. సైకిల్ తీసుకునేటప్పుడు స్పేర్ ట్యూబు వాల్వునీ, చక్రం మీది వాల్వునీ పక్కపక్కన పెట్టి చూసుకోండి, పంపు కూడా అక్కడే ఒకసారి కొట్టి చూడండి. తేదీలు ఖాయమయ్యాక ఇక్కడే రాస్తే, సోమవారం రోజు తిండికి ఇబ్బంది పడకుండా ఏ దారి ఏ రోజు పెట్టుకోవాలో చెప్తాను.