గ్లాసు ముచ్చట్లు: వెయ్యి రూపాయల సీసా చాలదా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా వైన్ ధర గురించే. 21 ఏళ్లు నిండనివాళ్లు ఈ పేజీ తిప్పేసి వంటల శీర్షికకు వెళ్లండి.

ప్రశ్న: మేడమ్, నేనూ మా ఆవిడా శనివారం రాత్రి ఇంట్లో చెరో గ్లాసు వైన్ తీసుకుంటాం. షాపులో ఏడెనిమిది వందల సీసా ఉంది, మూడు వేల సీసా కూడా ఉంది. ఏది మంచిదని అడిగితే కౌంటర్‌లో అబ్బాయి ‘ఇది బాగా పోతది సార్’ అంటాడు, ప్రతిసారీ వేరే సీసా చూపించి. మామూలు రోజులకు ఎంత పెట్టొచ్చు? మీరు ఏది తాగుతారు?
– బ్యాంకు ఉద్యోగి, హన్మకొండ

జవాబు: నేను తాగేది నాసిక్ షెనిన్ బ్లాంక్. మన దగ్గర సూలా కంపెనీ వాళ్లది తేలిగ్గా దొరుకుతుంది కాబట్టి ఎక్కువగా అదే. తెల్ల వైన్, నాలుకకు కొంచెం తీపి తగిలి, మింగాక పులుపు మిగులుతుంది. వెయ్యి రూపాయలకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. 750 మిల్లీలీటర్ల సీసాలో ఐదు గ్లాసులు వస్తాయి కాబట్టి గ్లాసుకు 200 పడ్డట్టు. మామూలు శనివారానికి నా లెక్క అక్కడితో సరి.

వెయ్యి దాటితే ఏమొస్తుందో కూడా చెప్తాను. పదిహేను వందల పైన మన దేశపు సీసాల మీద ‘రిజర్వ్’ అని కనిపిస్తుంది. సూలా దిండోరి రిజర్వ్ షిరాజ్ అనే ఎర్ర వైన్, నందిహిల్స్ దగ్గర తయారయ్యే గ్రోవర్ లా రిజర్వ్ ఆ రకం. వీటిని ఓక్ చెక్క పీపాల్లో మగ్గబెడతారు. పీపాలు దిగుమతి సరుకు, వాటిలో ఉన్నన్నాళ్లూ వైన్ అమ్ముడు పోదు. ఆ ఖర్చు న్యాయమైనదే, రుచిలో తెలుస్తుంది కూడా. పెళ్లిరోజుకు కొనండి. విదేశీ సీసాల సంగతి అలా కాదు. వాటి మీద ఏళ్ల తరబడి 150 శాతం కస్టమ్స్ సుంకం ఉండేది. 2022 డిసెంబరులో ఆస్ట్రేలియాతో ఒప్పందం అమల్లోకి వచ్చాక, ఆస్ట్రేలియా సీసాల్లో ఐదు డాలర్లు దాటినవాటికి అది మొదట 100 శాతానికి, పదిహేను డాలర్లు దాటినవాటికి 75కు దిగింది. అంటే అక్కడ ఐదారు వందలు చేసే వైన్ ఓడ దిగేసరికే దాదాపు రెట్టింపు. ఆపైన రాష్ట్రం పన్నులు, షాపువాడి లాభం. రెండు వేలు పెట్టి మీరు తాగేది అక్కడి చవక వైన్. నాకు మనసొప్పదు.

నాసిక్‌లో ఉన్న బంధువులు ‘మాకింకా తక్కువకే వస్తుంది’ అంటే కుళ్లుకోకండి. మహారాష్ట్ర 2001లో ద్రాక్ష రైతుల కోసం ప్రత్యేక విధానం తెచ్చి, తమ దగ్గర తయారైన వైన్‌కు ఎక్సైజ్ సుంకం మినహాయించింది. మనకు సరుకంతా ప్రభుత్వ బేవరేజెస్ కార్పొరేషన్ డిపో నుంచే వస్తుంది, సీసా మీద ధర అచ్చేసి ఉంటుంది. చౌరస్తాలో కొన్నా కాజీపేటలో కొన్నా అదే రేటు. బేరం అక్కర్లేదు, ఎక్కువ అడిగితే ఇవ్వనక్కర్లేదు.

బేరమాడే ఓపిక ఉంటే దాన్ని సీసా చూడటానికి వాడండి. వరంగల్ మే నెల ఎండలో, పై అరలో, ట్యూబ్‌లైట్ కింద నిలబెట్టిన వైన్ ఉడికిపోతుంది. అలాంటిది మూడు వేలదైనా వద్దు. కింది అరలోదో, ఫ్రిజ్‌లోదో అడగండి. మూత తిప్పేదైతే ఇంకా మంచిది. మన వేడికి బెరడు బిరడా (కార్క్) ఎండి గాలి దూరుతుంది. లేబుల్ మీద సంవత్సరం చూడండి, అది ద్రాక్ష కోసిన ఏడు. మన దగ్గర కోత దాదాపు జనవరి నుంచి మార్చి వరకు. చవక తెల్ల వైన్ నిరుటిదో, ముందటేడుదో తీసుకోండి. పాతబడితే విలువ పెరుగుతుందన్నది ఈ ధర సీసాలకు వర్తించదు.

ప్రశ్న: దసరాకు మటన్ కూరతో రెడ్ వైన్ తాగాం. నోరంతా భగ్గుమంది, వైన్ చేదుగా తోచింది. సీసా చెడిపోయిందా?
– గృహిణి, కరీంనగర్

జవాబు: సీసా బాగానే ఉండి ఉంటుందమ్మా, జత కుదరలేదు. కెమిస్ట్రీ పాఠాలు చెప్పి రిటైరైన దాన్ని కాబట్టి రెండు ముక్కలు ఓర్చుకోండి. నోట్లో వేడిని పసిగట్టే నరాల కొసలే కారాన్నీ పసిగడతాయి. ఆల్కహాల్ వాటిని ఇంకాస్త రెచ్చగొడుతుంది. ఎర్ర వైన్‌లో ద్రాక్ష తొక్క నుంచి వచ్చే టానిన్ అనే వగరు ఉంటుంది, మన కరీంనగర్ కారం మీద అది చేదుగా మారుతుంది. ఎర్ర వైన్ ‘రూమ్ టెంపరేచర్’లో తాగాలన్న మాట విని బయట పెట్టారేమో కూడా. ఆ రూము యూరప్‌లోది, 16–18 డిగ్రీలది. మన ఇంట్లో అక్టోబరులో కూడా ఫ్యాన్ కింద 30 ఉంటుంది. తాగే ముందు అరగంట ఫ్రిజ్‌లో పెట్టాల్సిందే.

కారంతో కాస్త తీపి, బాగా చల్లన ఉన్నది కుదురుతుంది. మా ఇంట్లో సర్వపిండికి షెనిన్ బ్లాంక్ తీస్తాను. శనగపప్పు, నువ్వులు పంటి కింద పడుతుంటే, గిన్నె అడుగున మాడిన అంచు కరకరమంటుంటే, నూనె జిడ్డును ఆ పులుపు కడిగేస్తుంది. ఒక్కో ముక్కకు ఒక్కో గుక్క. మక్క గారెలతోనూ అంతే. బోటి వేపుడుకు మాత్రం, కారం తగ్గించి మిరియాలు దట్టిస్తే, చల్లబరిచిన షిరాజ్ బాగుంటుంది. మా ఆయన విస్కీ మనిషి, ఆయన కూడా ఆ రోజు గ్లాసు మార్చారు. స్టీలు గ్లాసులో మాత్రం పోయకండి, చేతికి గాజుది ఏది దొరికితే అది, సగానికి మించకుండా. వాసన నిలవడానికి పైన ఖాళీ కావాలి.

ప్రశ్న: రేకలో పోసిన తాటికల్లు ముందు ఈ వెయ్యి రూపాయల నీళ్లు దేనికండీ?
– రైతు, మహబూబాబాద్

జవాబు: ఎండాకాలం పొద్దున్నే చెట్టు కింద దించిన కల్లుంటే నేనూ సీసా మూత తియ్యను, అన్నా! ఈ మాట చెప్పడానికి నాకు మొహమాటం లేదు. కానీ కల్లుకు ఆయుష్షు ఒక్క పూట. గాలిలోని ఈస్ట్ లొట్టిలోనే పని మొదలుపెడుతుంది, పొద్దున తియ్యగా ఉన్నది సాయంత్రానికి పులిసిపోతుంది. వైన్‌లో పులియడం పూర్తయ్యాక వడగట్టి, కాస్త సల్ఫర్ డయాక్సైడ్ కలిపి మూత బిగిస్తారు. ఏడాది తర్వాత తీసినా అదే రుచి. మీకు చెట్టు ఉంది, హన్మకొండ అపార్టుమెంటులో నాకు లేదు. పట్నం దుకాణాల్లో ఆల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తుమందులు కలిపిన కల్లు ఎన్నిసార్లు పట్టుబడిందో మీకూ తెలుసు. తెలిసిన గౌడన్న దించింది తప్ప నేను ముట్టను.

ప్రశ్న: గుండెకు మంచిదని మా బావ రోజూ రెండు గ్లాసుల రెడ్ వైన్ తాగుతున్నాడు. నిజంగా మంచిదేనా?
– మంచిర్యాల

జవాబు: కాదు. మద్యం ఎంత తక్కువైనా సురక్షితమనలేమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలోనే చెప్పింది. మీ బావకు లెక్క చెప్పండి: వైన్‌లో 12–13 శాతం ఆల్కహాల్. 150 మిల్లీలీటర్ల గ్లాసులు రెండంటే, విస్కీలో దాదాపు ఒక నైంటీ. రోజూ నైంటీ వేసేవాణ్ని మీ ఇంట్లో ఏమంటారో బావనూ అదే అనండి. నేను రుచి కోసం తాగుతాను, శనివారం మాత్రమే. గుండెకు ఔషధం అని పేరు పెట్టుకోను.

ప్రశ్న: ఒక్కదాన్నే ఉంటాను. సీసా తెరిస్తే ఎన్నాళ్లు ఉంటుంది?
– జగిత్యాల

జవాబు: మూత బిగించి, నిలువుగా ఫ్రిజ్ తలుపు అరలో పెడితే మూడు నాలుగు రోజులు. ఎర్రదైనా ఫ్రిజ్‌లోనే. 375 మిల్లీలీటర్ల సగం సీసాలు అడిగి చూడండి. లెక్కకు కాస్త ఎక్కువ పడుతుంది గానీ పారబోసేది ఉండదు. వారం దాటి పుల్లగా మారితే తాగకండి, మటన్ నానబెట్టేటప్పుడు పెరుగు తగ్గించి రెండు గరిటెలు అది పోయండి.